కేసు షీటులో నేను రాసిన ‘లేదు’

రోగిని ప్రశ్న అడిగే ముందు గదిలో ఎంతమంది ఉన్నారో ఒకసారి చూసుకోండి. కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సమ్మలకు నేను చెప్పగలిగింది ఇంతే. ఈ మాట ఇప్పటి పుస్తకాల్లో ఉందేమో తెలియదు. నేను చదివిన రోజుల్లో ఉన్నట్టు గుర్తులేదు. ఉన్నా లాభం లేదు, ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను దాన్ని పాటించింది చివరి మూడేళ్ళే.

బెజవాడలో బెంజ్ సర్కిల్‌కి నాలుగు సందుల అవతల ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం ఎండోస్కోపీ గదిలోనే గడిచింది. అంటే నోట్లోంచి కెమెరా గొట్టం పంపి పొట్ట లోపల ఎలా ఉందో చూసే చోటు. మోకాళ్ళు మొరాయించాక, నిలబడే పని తప్పించి, బరువు తగ్గించే ఆపరేషన్ల విభాగంలో కౌన్సెలింగ్ గదిలో కుర్చీ వేశారు. ఎవరి చమత్కారమో గానీ, ఆ కుర్చీలో కూర్చోవడానికి నాకంటే పనికిరాని మనిషి ఆసుపత్రిలో మరొకరు లేరు. నేను ఎన్నడూ నలభై ఐదు కేజీలు దాటలేదు. నూట ఇరవై కేజీల మనిషి ఎదురుగా కూర్చుని, “మీకేం తెలుస్తుందండీ మా బాధ” అంటే నిజమేనండీ అనేదాన్ని.

నాకు తెలిసిన బాధ వేరు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ పోయాక పటమటలో రెండు గదుల వాటాలో ఒక్కదాన్నే ఉంటున్నాను. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆసుపత్రి. మధ్యాహ్నం స్టాఫ్ గదిలో క్యారేజీ విప్పి, తోటి సిస్టర్లతో కూరలు మార్చుకుని తినడమే రోజు మొత్తం మీద నలుగురితో కూర్చునే సమయం. అది ఒక్క నిమిషం పోయినా నాకు చిరాకు వచ్చేది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసిన తప్పులో ఆ క్యారేజీకి కూడా వాటా ఉంది.

కౌన్సెలింగ్ గదిలో నా పని కేసు షీటు నింపడం. షుగరుందా, బీపీ ఉందా, గురక వస్తుందా, ఇంతకుముందు ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఇంట్లో ఎవరికి ఏ జబ్బులున్నాయి. రెండు పేజీల షీటు. రెండో పేజీలో ఒక గడి ఉంటుంది: రక్తసంబంధీకుల్లో ఎవరికైనా క్యాన్సర్, ముఖ్యంగా పొట్ట క్యాన్సర్ వచ్చిందా?

ఆ గడి ఎందుకో చెప్పాలి. మా సర్జన్ గారు ముఖ్యంగా రెండు రకాల ఆపరేషన్లు చేసేవారు. ఒకదాంట్లో పొట్టలో చాలా భాగం కోసి తీసేస్తారు, మిగిలింది సన్నటి గొట్టంలా ఉంటుంది. రెండోదాంట్లో ఏమీ తీసెయ్యరు. పైన చిన్న సంచిలాంటి భాగం విడదీసి, పేగును దానికి కలుపుతారు. మిగతా పొట్ట లోపలే ఉంటుంది, కానీ దారి మూసేసి ఉంటుంది. అన్నం అటు వెళ్ళదు. మా కెమెరా గొట్టం కూడా వెళ్ళదు. ఆ మూసిన పొట్టలో తర్వాత ఏదైనా మొదలైతే మామూలుగా చూసే వీలు లేదు. అందుకని వంశంలో పొట్ట క్యాన్సర్ ఉన్నవాళ్ళకి రెండోది చెయ్యాలంటే ఆయన ఒకటికి పదిసార్లు ఆలోచించేవారు. ఆపరేషన్ వల్ల క్యాన్సర్ వస్తుందని నేను అనడం లేదు. ఇన్సులిన్ మానేసినవాళ్ళని, మెట్లెక్కి నవ్వుతూ వచ్చినవాళ్ళని ఎంతోమందిని చూశాను. నేను అంటున్నది ఆ గడి గురించి మాత్రమే.

మన వైపు ఆసుపత్రికి ఒక్కరే రారు. వస్తే దిక్కు లేనివాళ్ళ కింద లెక్క. మేమూ ఆ గుంపుని వద్దనేవాళ్ళం కాదు. అందరి ముందూ వివరంగా చెప్పేస్తే, రేపు ఏదైనా తేడా వస్తే ‘మాకు చెప్పలేదు’ అనే మాట రాదని మా లెక్క. నా కుర్చీతో కలిపి మూడే ఉన్న గదిలో ఆరుగురిని ఇరికించి షీటు నింపిన రోజులున్నాయి. పక్క గదిలో డైటీషియన్ పిల్ల ఇంకా నయం, అన్నం తగ్గించమని చెప్పినప్పుడల్లా రోగి తరఫున కుటుంబమంతా పోట్లాడేది కాబట్టి, విసిగిపోయి రోగిని ఒక్కరినే లోపలికి పిలిచేది. దానికి అంత పొగరేమిటని మేం నవ్వుకునేవాళ్ళం.

నేను చెప్పబోయే ఆవిడ కైకలూరు దగ్గర పల్లెటూరి నుంచి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళు. విపరీతమైన బరువు, షుగరు, గుండెల్లో మంట, మోకాళ్ళ నొప్పులు. భర్తకి చేపల చెరువులున్నాయి, ఆయన ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. వాళ్ళతోపాటు అత్తగారు, ఆడపడుచు, గవర్నర్‌పేటలో బట్టల కొట్టున్న భర్తగారి మేనమామ వచ్చారు. కుర్చీలు చాలక భర్త, ఆడపడుచు, మేనమామ బీరువాకి ఆనుకుని నిలబడ్డారు. నేను అడిగిన ప్రతి ప్రశ్నకీ అత్తగారు జవాబు చెప్పింది. కోడలికి నెలసరి సరిగ్గా వస్తుందా అన్నదానికి కూడా ఆవిడే చెప్పింది.

క్యాన్సర్ గడి దగ్గరికొచ్చాం. “ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ లాంటిది ఉందాండీ?” అని అడిగాను.

“మా ఇంటా వంటా లేవండీ అలాంటియ్యి,” అంది అత్తగారు, నేను అడగకూడనిది అడిగినట్టు.

“మీవాళ్ళ సంగతి కాదండీ. అమ్మాయిగారి పుట్టింటివైపు.”

ఆవిడ అత్తగారి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. “లేదండీ. మా అమ్మ గుండెపోటుతో పోయింది,” అంది.

నేను ‘లేదు’ అని రాశాను. అందరూ లేచి బయటికి నడిచారు. ఆవిడ లేవడానికే ఆలస్యమయ్యే మనిషి, ఆఖరున గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. ఏదో అడగబోతున్నట్టు ఉంది మొహం. అప్పటికి రెండు దాటింది, స్టాఫ్ గదిలో మావాళ్ళు క్యారేజీలు విప్పేసి ఉంటారు. “ఏం భయం లేదమ్మా, మా డాక్టరు గారి చెయ్యి మంచిది,” అన్నాను. ఆవిడ తల ఊపి వెళ్ళిపోయింది. ఆపరేషనంటే భయం కాబోలని అనుకున్నాను. ఆ రోజు మావాళ్ళు గోంగూర తెచ్చారు. అదొకటి గుర్తుంది, సిగ్గులేకుండా.

ఆపరేషన్‌కి ముందు చేసే ఎండోస్కోపీలో ఏమీ కనపడలేదు. గుండెల్లో మంట ఉంది కాబట్టి, షుగరు ఎక్కువ కాబట్టి, సర్జన్ గారు రెండో రకం ఆపరేషన్ ఎంచుకున్నారు. బ్రహ్మాండంగా జరిగింది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైంది. ఇన్సులిన్ మానేసింది. ఆసుపత్రివాళ్ళు మూడు నెలలకోసారి పెట్టే మీటింగుకి ఆవిణ్ణి పిలిచి, పాత జాకెట్టు తెచ్చి అందరికీ చూపించమనేవాళ్ళు. పాపం తెచ్చి చూపించేది. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు.

మీటింగు అయ్యాక ఉప్మా పెడతారు. ఆవిడ రెండు చెంచాలు వేయించుకుని గోడ పక్కన నిలబడి తినేది. ఒకసారి నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను.

“ఒళ్ళు తగ్గింది గానీ సిస్టరు గారూ, పంక్తిలో కూర్చోవాలంటే భయంగా ఉందండీ. నేను ఎంత తిన్నానో, ఎంత వదిలేశానో, అందరి చూపూ నా విస్తరి మీదే,” అంది. “అందుకని అందరూ తిన్నాక ఒక్కదాన్నే కూర్చుంటున్నా.”

ఆ మాట నాకు బాగా తగిలింది. ఒంటరి తిండి సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొచ్చినా కాసేపు మాట్లాడుకునేవాళ్ళం. ఎన్నో విషయాలు చెప్పింది. అసలు విషయం మాత్రం ఎప్పుడూ నోటి దాకా వచ్చి ఆగినట్టుండేది. నేనూ కదిలించలేదు.

ఆపరేషనైన ఆరో ఏడాది, ఒక మంగళవారం పొద్దున ఆవిడ ఒక్కతే వచ్చింది. బస్సులో వచ్చానంది. అత్తగారు పోయి అప్పటికి ఆర్నెల్లైందట. మనిషి పాలిపోయి ఉంది. పై పొట్టలో నొప్పి, ఆయాసం, ఊళ్ళో రక్తం పరీక్ష చేస్తే బాగా తక్కువుందన్నారట. ఆ కాగితం నా చేతికిచ్చి, లేచి వెళ్ళి తలుపు తనే దగ్గరగా వేసింది.

“మా అమ్మ గుండెపోటుతో పోలేదండీ,” అంది కూర్చుంటూనే. “పొట్టలో క్యాన్సరు. నలభై నాలుగో ఏట పోయింది. అంతకుముందు మా తాతయ్యా అదే జబ్బుతో పోయాడు. నా పెళ్ళి మాటలు నడుస్తున్నప్పుడు అమ్మకి ముదిరింది. తెలిస్తే సంబంధం తప్పిపోద్దని మా నాన్న అందరికీ గుండె అని చెప్పాడు. అప్పట్నుంచీ అదే చెప్పుకొస్తున్నా. ఏటా అమ్మ తద్దినానికి మా అత్తగారు వచ్చి, పాపం గుండెజబ్బు మనిషని కళ్ళు తుడుచుకునేది. నేను పక్కన వడ్డిస్తూ వినేదాన్ని.”

ఆవిడ వయసు నాకు తెలుసు. షీటు తీసి చూడక్కర్లేదు. ముప్పై ఎనిమిదికి ఆరు కలిపితే చాలు.

“మీ గొట్టం వేసి చూడండి. ఏదున్నా నాకు చెప్పండి, ఇంట్లో చెప్పొద్దు,” అంది.

గొట్టం ఆ పొట్టలోకి వెళ్ళదని నేనే చెప్పాల్సి వచ్చింది. చెబుతూ, “ఆ రోజు ఈ మాట చెప్పుంటే బావుండేది కదమ్మా,” అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

“మీరు వాళ్ళని బయటికి పంపుతారేమోనని చూశానండీ,” అంది. కోపం లేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. “గుమ్మం దగ్గర కూడా ఆగాను.”

కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

సర్జన్ గారి గదికి వెళ్ళి అంతా చెప్పాను. గోంగూర సంగతి కూడా చెప్పాను, ఎందుకో దాచబుద్ధి కాలేదు. ఆయన మామూలుగా నన్ను ఆటపట్టించకుండా ఒక్క మాట మాట్లాడరు. ఆ రోజు పాత షీటు తెప్పించి, రెండో పేజీ తిప్పి చూశారు. “సిస్టర్, మీరు రాసిన దాని కింద సంతకం నాది. నేనూ ఆవిణ్ణి ఒంటరిగా అడగలేదు,” అని షీటు మూసేశారు.

పై సంచి వరకు ఎండోస్కోపీ చేశారు, అంతా బాగుంది. స్కాన్ తీస్తే మూసిన పొట్ట గోడ ఒకచోట కొంచెం మందంగా కనపడుతోందన్నారు. అది వాపో, మరొకటో స్కాన్ చెప్పలేదు. చూడాలంటే ఒకటే దారి. మత్తిచ్చి, కడుపు మీద చిన్న గాట్లు పెట్టి, బయటి నుంచే ఆ పొట్టలోకి కెమెరా పంపాలి. అంటే ఆసుపత్రిలో చేర్చుకోవాలి. భర్త సంతకం కావాలి.

“వద్దండీ,” అంది ఆవిడ. “ఇరవై మూడేళ్ళు అబద్ధం చెప్పానని తెలిస్తే ఆయన మొహం నేను చూడలేను. ఉన్నన్నాళ్ళు ఇలాగే ఉంటా.”

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆవిడ మొండితనం చూసి కాదు, మా అమ్మ గుర్తొచ్చి. అమ్మ ఆఖరి రోజుల్లో నొప్పి దాచుకుని, నేను డ్యూటీకి వెళ్ళాక ఏడ్చేదని పక్కింటావిడ తర్వాత చెప్పింది. ఆ సంగతి అంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎదురుగా కూర్చున్న ఈవిడకి చెప్పాను. అంతా విని, చివరికి ఫోను నా చేతికిచ్చి, “మీరే రమ్మనండి. ఎందుకో చెప్పొద్దు,” అంది.

మర్నాడు ఆయన వచ్చాడు. అలవాటుకొద్దీ పెదనాన్న కొడుకుని వెంటబెట్టుకొచ్చాడు. నేను ఆ రెండో మనిషిని గుమ్మంలోనే ఆపి, కింద టీ తాగి రమ్మన్నాను. భర్తని కూడా ఆపబోతే ఆవిడ వద్దంది. నేను లేచి వెళ్ళబోతే నన్నూ వద్దంది. ముగ్గురం కూర్చున్నాం. తల వంచుకుని మొత్తం చెప్పింది. ఒకసారి కూడా ఆగలేదు, ఎన్నోసార్లు లోలోపల చెప్పుకున్న మాటల్లా ఉన్నాయి.

ఆయన ఫోను మోగింది. చూడకుండానే నొక్కేశాడు.

“నాకు తెలుసు,” అన్నాడు.

ఆవిడ తల ఎత్తింది.

“పెళ్ళైన రెండో ఏడు మీ నాన్నే చెప్పాడు. దాచి పెళ్ళి చేశానని ఏడ్చాడు కూడా. మా అమ్మకి చెప్పొద్దన్నాడు. నాకు తెలిసినట్టు నీకూ తెలియనివ్వొద్దన్నాడు, నువ్వు కుంగిపోతావని.”

నేను మధ్యలో మాట్లాడకూడదు. కానీ ఉండబట్టలేకపోయాను. “మరి ఆ రోజు ఇదే గదిలో ఉన్నారు కదండీ. నేను అడిగాను కదండీ.”

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. “మా అమ్మ పక్కనే ఉందండీ. ఈవిడేమో లేదంది. లేదన్నాక నేను ఉందంటే, నలుగురిలో ఈవిణ్ణి అబద్ధాలకోరుని చేసినట్టు కాదాండీ?”

ఆ రోజు గదిలో నాతో కలిపి ఆరుగురం. అందులో ఇద్దరికి నిజం తెలుసు. ఆ ఇద్దరూ ఒకరి కోసం ఒకరు నోరు మూసుకున్నారు. నేను ‘లేదు’ అని గుండ్రటి అక్షరాలతో రాసి, కింద గీత కూడా కొట్టాను.

“నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నానండీ ఇన్నేళ్ళూ,” అంది ఆవిడ.

“నేనూ అదే అనుకున్నా,” అన్నాడాయన. “నువ్వు అన్నం వదిలేసినప్పుడల్లా, ఇది ఆపరేషన్ వల్లా, ఆ జబ్బు వల్లా అని చూస్తా కూర్చునేవాణ్ణి. నీ విస్తరి అందుకే చూసేది.”

ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకోబోయి, నేను ఉన్నానని ఆగిపోయాడు. నేను ఏదో కాగితం వెతకాలని చెప్పి బయటికి వచ్చాను.

శుక్రవారం కెమెరా వేశారు. లోపల ఉండాల్సిన అవసరం నాకు లేదు, అయినా సెలవు పెట్టి ఆయన పక్కన బెంచీ మీద కూర్చున్నాను. చెరువులో చేపకి జబ్బొస్తే ముందు పక్క చెరువు వాడికి చెబుతాం, ఇంట్లో మనిషి దగ్గర మాత్రం నోరు పెగలదు అన్నాడు ఒకసారి. గంటంబావుకి సర్జన్ గారు టోపీ తీసుకుంటూ వచ్చి, కంటికి భయపడేదేమీ కనపడలేదనీ, వాపు ఉన్నచోట ముక్కలు తీసి పంపాననీ చెప్పారు. రిపోర్టుకి ఐదు రోజులు పడుతుందన్నారు. ఆ ఐదు రోజులూ నేను ప్రార్థన చేశాను. ఏం అడగాలో తెలియక, ఆ ‘లేదు’ అనే మాటని ఈసారికి నిజం చెయ్యమని అడిగాను.

నిజమైంది. క్యాన్సర్ లేదు. వాపు ఉంది, పుండు పుట్టించే సూక్ష్మజీవి ఉంది. దానికి రెండు వారాల మాత్రలు రాశారు. రక్తం తగ్గింది ఇనుము ఒంటికి పట్టక, ఆ ఆపరేషనైనవాళ్ళకి మాత్రలు మానేస్తే అలా అవుతుందన్నారు. వంశంలో ఉంది కాబట్టి ఏటా వచ్చి చూపించుకోవాలనీ, ఆ మూసిన పొట్టని పూర్తిగా తీసెయ్యాలా అన్నది మనం ముగ్గురం నెమ్మదిగా కూర్చుని ఆలోచిద్దామనీ సర్జన్ గారు ఆ ఇద్దరికీ చెప్పారు. ‘ముగ్గురం’ అన్న మాట ఒత్తి పలికారు. తర్వాతి వారం నుంచి కౌన్సెలింగ్ గదిలో మూడు కుర్చీలకి బదులు రెండే ఉంచారు. ఒకటి నాది.

రిపోర్టు తీసుకున్న రోజు వాళ్ళిద్దరూ క్యాంటీన్లో ఒకే ప్లేటు ఇడ్లీ తెచ్చుకున్నారు. ఆవిడ సగం ముక్క తిని ప్లేటు ఆయన వైపు తోసింది. ఆయన మిగిలింది తినేశాడు. నన్నూ కూర్చోమన్నారు. పనుందని చెప్పి వచ్చేశాను. పనేం లేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళి తాళం తీశాను. ఈ కబురు ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. రోగి సంగతి బయట చెప్పకూడదు, అది మన ఉద్యోగ ధర్మం. ఇప్పుడు వాళ్ళిద్దరినీ అడిగి, వాళ్ళు సరేనన్నాకే ఇది రాస్తున్నాను. ఆ రోజు మాత్రం ధర్మం అడ్డు రాలేదు, చెప్పడానికే మనిషి లేరు. మంచం మీద కూర్చుని ఆవిడ గురించే ఆలోచించాను. ఇరవై మూడేళ్ళు ఒంటరిననుకుంది, తన భయాన్నే మోస్తున్న మనిషి అదే ఇంట్లో, అదే గదిలో ఉన్నాడు. ఆవిడకి తెలియలేదంతే. నేను రెండు గదులూ ఒకసారి చూసుకున్నాను. నాకు తెలియకుండా ఉన్నవాళ్ళు కూడా ఎవరూ లేరు.